జీడి తొక్క నుంచి మిథనాల్ ఇంధనం: ఉద్దానానికి లాభమా, భారమా?

పలాస-కాశీబుగ్గ మీదుగా వెళ్లే ఎవరికైనా జీడి ఫ్యాక్టరీ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. బాయిలర్ పొగ వాసనే చెప్పేస్తుంది. లోపల ఆడవాళ్లు పిక్క కోసి పప్పు తీస్తుంటారు. షెడ్డు వెనకాల నల్లటి తొక్క గుట్టగా పేరుకుంటుంది. పప్పు దేశమంతా పోతుంది. తొక్కలో కొంత నూనె మిల్లుకి, కొంత బాయిలర్‌లోకి పోతుంది. ఉద్దానం తీరం వెంబడి కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు, సరుగుడు కొమ్మలు, జీడి తోటల్లో నరికిన రెమ్మలు కూడా ఇలాగే పడి ఉంటాయి.

వీటన్నిటినీ కలిపి ఇంగ్లిష్‌లో బయోమాస్ అంటారు. మన భాషలో చెట్టూ చేమా చెత్త. దీన్నుంచి మిథనాల్ అనే ద్రవ ఇంధనం తయారు చేయొచ్చని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. పెట్రోల్‌లో కలపొచ్చు, ఓడలు నడపొచ్చు, పొయ్యి వెలిగించొచ్చు. మరి పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో ఇది సాధ్యమేనా? సాధ్యమైతే లాభం ఎవరికి? నష్టం ఎవరికి? లెక్క వేసి చూద్దాం.

మిథనాల్ అంటే ఏంటి?

మిథనాల్ ఆల్కహాల్ కుటుంబంలో అన్నిటికంటే చిన్నది. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువు. నీళ్లలా తేటగా ఉంటుంది. దీని పాత పేరు ఉడ్ ఆల్కహాల్, అంటే కట్టె సారాయి. గాలి తగలకుండా కట్టెను కాల్చి, వచ్చిన ఆవిరిని చల్లబరిచి తీసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. మన పక్క రాష్ట్రంలోనే దీనికి ఉదాహరణ ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య హయాంలో, 1923లో ఉత్పత్తి మొదలైన భద్రావతి ఇనుప కర్మాగారంలో అడవి కట్టెను బొగ్గుగా మార్చేటప్పుడు మిథనాల్‌ను ఉప ఉత్పత్తిగా తీసేవారు.

సరిగ్గా అదే 1923లో జర్మనీలోని లాయినాలో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ వాయువుల నుంచి మిథనాల్ తయారు చేయడం మొదలుపెట్టింది. అది చౌకగా రావడంతో కట్టె పద్ధతి మూలన పడింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా దాదాపు 10 కోట్ల టన్నుల మిథనాల్ తయారవుతోంది. దాదాపు మొత్తం సహజవాయువు, బొగ్గు నుంచే. బయోమాస్ వంటి పునరుత్పాదక వనరుల నుంచి వచ్చేది వందలో ఒక వంతు కూడా లేదు. ఇండియా తన అవసరంలో సింహభాగం గల్ఫ్ దేశాల నుంచి దిగుమతి చేసుకుంటోంది. అందుకే నీతి ఆయోగ్ ‘మిథనాల్ ఎకానమీ’ పేరుతో దేశంలోనే తయారీ పెంచాలని చెబుతూ వస్తోంది.

తొక్క నుంచి ట్యాంకు దాకా

తయారీలో ఐదు మెట్లు ఉన్నాయి.

మొదటిది ఆరబెట్టడం. తేమ 15-20 శాతం లోపు ఉండాలి. వానాకాలంలో తడిసిన కొబ్బరి డొక్కను అలాగే వేస్తే సగం వేడి నీళ్లు ఆవిరి చేయడానికే సరిపోతుంది.

రెండోది గ్యాసిఫికేషన్. పొయ్యిలో కట్టె పూర్తిగా కాలితే బూడిద, పొగ, వేడి మిగులుతాయి. అదే కట్టెకు కావాల్సినంత గాలి ఇవ్వకుండా, 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ‘అరకొరగా’ కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ అనే రెండు వాయువులు ఎక్కువగా వస్తాయి. ఈ మిశ్రమాన్ని సింథసిస్ గ్యాస్, పొట్టిగా సిన్‌గ్యాస్ అంటారు. ఇక్కడో మెలిక ఉంది. మామూలు గాలి వాడితే అందులోని నైట్రోజన్ కూడా లోపలికొచ్చి గ్యాస్‌లో దాదాపు సగం అదే నిండిపోతుంది. వేడి కోసమో కరెంటు కోసమో అయితే ఇబ్బంది లేదు. మిథనాల్‌కి మాత్రం అది పనికిరాదు. స్వచ్ఛమైన ఆక్సిజన్, ఆవిరి వాడాలి. అంటే పక్కనే ఆక్సిజన్ ప్లాంటు కూడా కావాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలోని పరిశోధకులు ఈ ఆక్సిజన్-ఆవిరి పద్ధతి మీద ఏళ్లుగా పని చేస్తున్నారు.

మూడోది శుభ్రం చేయడం. గ్యాస్‌లో తారు, దుమ్ము, గంధకం ఉంటాయి. పిల్లల ఆటబొమ్మలో ఇసుక పడితే చక్రం ఆగిపోయినట్టు, వీటిలో కొంచెం మిగిలినా తర్వాతి మెట్టులోని ఖరీదైన ఉత్ప్రేరకం పాడైపోతుంది. జీడి తొక్కతో ఈ బాధ మరీ ఎక్కువ. నూనె తీయని తొక్కలో తారు విపరీతంగా వస్తుంది. కొబ్బరి డొక్కలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బూడిద కరిగి గడ్డ కట్టి పొయ్యి లోపల అతుక్కుంటుంది.

నాలుగోది పాళ్లు సరిచేయడం. మిథనాల్ కావాలంటే ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్‌కి రెండు పాళ్లు హైడ్రోజన్ ఉండాలి. బయోమాస్ గ్యాస్‌లో హైడ్రోజన్ తక్కువ. అందుకని కొంత కార్బన్ మోనాక్సైడ్‌ను నీటి ఆవిరితో కలిపి హైడ్రోజన్‌గా మారుస్తారు. ఈ క్రమంలో కొంత కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా బయటికి పోతుంది.

ఐదోది మిథనాల్ తయారీ. రాగి, జింక్ ఉన్న ఉత్ప్రేరకం మీదుగా, 200-300 డిగ్రీల వేడిలో, గాలి ఒత్తిడికి 50 నుంచి 100 రెట్ల ఒత్తిడితో ఆ గ్యాస్‌ను పంపిస్తే మిథనాల్ వస్తుంది. దాన్ని బట్టీ పట్టి నీళ్లు వేరు చేస్తే సరుకు రెడీ.

చదివితే సులువుగానే ఉంటుంది. కానీ ఇది షెడ్డులో పెట్టుకునే పని కాదు. పెద్ద కెమికల్ ఫ్యాక్టరీ.

ఒక బస్తా లెక్క

పలాసలో జీడి పిక్కల వ్యాపారం 80 కేజీల బస్తా లెక్కన నడుస్తుంది. కాబట్టి హిసాబు కూడా బస్తాతోనే చేద్దాం.

పిక్క బరువులో సుమారు 70 శాతం తొక్కే. అంటే బస్తాకి 55 కేజీల దాకా తొక్క వస్తుంది. దాన్ని గానుగ పడితే ఓ ఐదో వంతు జీడి నూనె వస్తుంది. ఈ నూనె రంగులు, రెసిన్లు, బండ్ల బ్రేక్ లైనింగుల తయారీకి పనికొస్తుంది. పిక్క కోసే ఆడవాళ్ల చేతులు పొక్కి, నల్లబడేది కూడా ఈ నూనె వల్లే. నూనె పోగా 43 కేజీల పిండి మిగులుతుంది.

ఒక టన్ను మిథనాల్‌కి సుమారు 2 నుంచి 2.5 టన్నుల ఎండు బయోమాస్ కావాలి. ఈ లెక్కన 43 కేజీల పిండితో ఇంచుమించు 19 కేజీల మిథనాల్ రావాలి. అంటే 24 లీటర్లు. అయితే లీటరు మిథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో సగమే. కాబట్టి బస్తా తొక్క విలువ ఇంధనం రూపంలో 12 లీటర్ల పెట్రోల్‌కి సమానం.

వినడానికి బాగుంది. బస్తాకి 12 లీటర్ల పెట్రోల్ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అసలు మతలబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ప్లాంటుకి ఎంత తొక్క కావాలి?

ప్రపంచంలో సహజవాయువుతో నడిచే పెద్ద ప్లాంట్లు రోజుకి 5000 టన్నుల మిథనాల్ తీస్తున్నాయి. వాటి ముందు రోజుకి 100 టన్నుల ప్లాంటు చాలా చిన్నది. ఆ చిన్న ప్లాంటు పలాసలో పెట్టారనుకుందాం. ఏడాదికి 330 రోజులు నడిస్తే 33,000 టన్నుల మిథనాల్. అందుకు 66,000 నుంచి 82,500 టన్నుల ఎండు సరుకు కావాలి. పది టన్నుల లారీలు రోజూ 20 నుంచి 25 దిగాలి. పండగైనా, తుఫానైనా ఆగకూడదు.

ఇదంతా నూనె తీసిన జీడి తొక్కతోనే నింపాలంటే కనీసం 1.2 లక్షల టన్నుల పిక్కలు ఒలవాలి. పై అంచనా తీసుకుంటే 1.5 లక్షల టన్నులు. దేశం మొత్తం మీద ఏడాదికి పండే జీడి పిక్కలు ఏడెనిమిది లక్షల టన్నులు. అంటే ఒక్క చిన్న ప్లాంటు కోసం దేశ పంటలో ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా పలాస గుమ్మంలోకి రావాలి. పలాస ఫ్యాక్టరీలు విదేశీ పిక్కలు కూడా తెచ్చి ఒలుస్తాయి, నిజమే. అయినా తొక్కంతా ప్లాంటుకే ఇస్తే ఆ ఫ్యాక్టరీల బాయిలర్లలో ఏం వేయాలి?

కొబ్బరి, సరుగుడు, వరి గడ్డి కలపొచ్చు కదా అనొచ్చు. కలపొచ్చు. కానీ వాటికీ ఇప్పటికే యజమానులున్నారు. డొక్క పీచు యూనిట్లకి పోతుంది. లేదంటే చెట్టు మొదట్లో పాతితే ఇసుక నేలలో తేమ నిలబెడుతుంది. మట్టలు ఇంటి పొయ్యికి, దడులకి వాడతారు. గడ్డి పశువుల మేత. సరుగుడు కర్రకి కాగితం మిల్లుల గిరాకీ ఉంది. కాగితం మీద ‘వ్యర్థం’ అని రాసిన దాంట్లో చాలా భాగం పేదింటి పొయ్యి కిందో, ఆవు ముందో ఉంటుంది. దానికి ధర కడితే ఎవరికో ఆదాయం వస్తుంది, ఇంకెవరికో ఖర్చు పెరుగుతుంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గర్లో తీరం దాటినప్పుడు ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకూలాయి. అంత కలప ఒక్కసారి పడి ఉండటం చూసినవాళ్లకి ‘ఇదంతా ఇంధనం చేస్తే’ అనిపించడం సహజం. కానీ ప్లాంటుకి కావాల్సింది రోజూ వచ్చే సరుకు. తుఫాను ఇచ్చేది ఒక్కసారి కుప్ప, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఖాళీ. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికే ఐదారేళ్లు పడుతుంది.

డబ్బుల సంగతి

అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం సహజవాయువు, బొగ్గు నుంచి టన్ను మిథనాల్ తయారీకి 100 నుంచి 250 డాలర్లు ఖర్చవుతుంది. బయోమాస్ నుంచైతే 320 నుంచి 770 డాలర్లు. ఈ తేడా ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న.

ముడిసరుకు ధర ఎంత పని చేస్తుందో చూడండి. ఎండు తొక్క కేజీ 8 రూపాయలు అనుకుందాం. కేజీ మిథనాల్‌కి తొక్క ఖర్చే 16 నుంచి 20 రూపాయలు. తొక్క ధర ఒక్క రూపాయి పెరిగితే మిథనాల్ ఖర్చు రెండు నుంచి రెండున్నర రూపాయలు పెరుగుతుంది. ప్లాంటు వచ్చిందంటే తొక్క ధర పెరగకుండా ఉంటుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లకి జరిగింది ఇదే. మొదట్లో చౌకగా దొరికిన ఊకకి ప్లాంట్లు రాగానే గిరాకీ పెరిగింది. కరెంటు రేటు మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు. చాలా ప్లాంట్లు చతికిలపడ్డాయి.

ఇథనాల్‌తో పోల్చినా తేడా తెలుస్తుంది. ఇథనాల్‌ని ఆయిల్ కంపెనీలు నిర్ణీత ధరకి కొంటాయి, పెట్రోల్‌లో 20 శాతం కలుపుతున్నారు. మిథనాల్‌కి అలాంటి కొనుగోలు భరోసా లేదు. ఇండియన్ ఆయిల్ 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని తిన్‌సుకియాలో 15 శాతం మిథనాల్ కలిపిన పెట్రోల్‌ని ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. అస్సాంలోనే నామ్‌రూప్‌లో 2018లో మిథనాల్ వంట పొయ్యిల కార్యక్రమం మొదలైంది. రెండిటికీ ఆధారం అస్సాం పెట్రోకెమికల్స్ సహజవాయువు నుంచి తీసే మిథనాలే, బయోమాస్ కాదు. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ బొగ్గు నుంచి మిథనాల్ తీసే ప్రయోగ ప్లాంటు పెట్టింది. దాని సామర్థ్యం రోజుకి 250 కేజీలే. గ్యాస్ నుంచి మిథనాల్ దాకా అన్ని మెట్లూ మన ఇంజనీర్లకి తెలుసని అది చూపించింది. లాభసాటి అని చూపించడం వేరే సంగతి.

ఆశ ఉన్నది ఓడల వైపు. డెన్మార్క్ కంపెనీ మేర్స్క్ 2023లో మిథనాల్‌తో నడిచే మొదటి కంటైనర్ ఓడను నీళ్లలోకి దింపింది. కర్బన ఉద్గారాలు తగ్గించాలన్న ఒత్తిడితో షిప్పింగ్ కంపెనీలు హరిత మిథనాల్‌కి ఎక్కువ ధర ఇవ్వడానికి కొంతవరకు సిద్ధంగా ఉన్నాయి. స్వీడన్‌లో సోద్రా అనే సంస్థ 2020 నుంచి కాగితపు గుజ్జు మిల్లులో మిగిలే ముడి మిథనాల్‌ని శుద్ధి చేసి అమ్ముతోంది. సామర్థ్యం ఏడాదికి 5000 టన్నులే. కానీ అది ఉన్న మిల్లుకి అతికించిన యూనిట్, కొత్తగా పునాది నుంచి కట్టింది కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఉద్దానం నీళ్లు

డబ్బులు సరిపోయినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. అది నీళ్లు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, ఎండలో పని, లోహాలు, మందులు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. వంశధార నీళ్లను హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో 2023 డిసెంబర్‌లో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి ఈ బాధలోంచి వచ్చినవే.

గ్యాస్‌ని కడిగిన నీళ్లలో తారు, ఫినాల్ జాతి రసాయనాలు చేరతాయి. జీడి తొక్క నూనె కూడా ఫినాల్ జాతిదే. ఆ నీళ్లను సరిగా శుద్ధి చేయకుండా వదిలితే ఇసుక నేల వాటిని ఆపలేదు, బావుల్లోకి దిగిపోతాయి. శుద్ధి చేసే పద్ధతులు ఉన్నాయి. నీళ్లు వాడకుండా గ్యాస్‌ని వడకట్టే పద్ధతులూ ఉన్నాయి. అన్నిటికీ ఖర్చవుతుంది. లాభం తగ్గినప్పుడు కంపెనీ మొదట కోసేది ఆ ఖర్చునే. కిడ్నీలకి కారణం తెలియని చోట కొత్తగా ఒక అనుమానం చేర్చడం న్యాయం కాదు.

ఈ తీరం ఇలాంటి మాటలు ముందే విన్నది. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో టెక్కలి దగ్గరి కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లను వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీలను, చిత్తడి నేలను ‘ఖాళీ భూమి’ అనుకోవడం వల్ల వచ్చిన గొడవలవి. తొక్కని, మట్టని ‘వ్యర్థం’ అనుకోవడం కూడా అదే కోవలో తప్పు.

విషం సంగతి మరవొద్దు

మిథనాల్ విషం. కొద్ది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, 30 మిల్లీలీటర్లకే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. 2022 జూలైలో గుజరాత్‌లో, 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో పదుల సంఖ్యలో జనం చనిపోయింది మిథనాల్ కలిసిన సారా వల్లే. చూడటానికి మామూలు సారాయిలాగే ఉంటుంది కాబట్టి ట్యాంకర్ల నుంచి దొంగతనం జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పగటి వెలుగులో దీని మంట కూడా సరిగా కనబడదు. అందుకే నిల్వకి, రవాణాకి లైసెన్సులు, తాళాలు, లెక్కలు కచ్చితంగా ఉండాలి. ఊళ్లో డబ్బాల్లో అమ్ముకునే సరుకు కాదిది.

మరి దారేంటి?

అలాగని తొక్కతో ఏమీ చేయలేమని కాదు. మెట్టు మెట్టుగా వెళ్లాలి.

మొదటి మెట్టు గ్యాసిఫైయర్‌ని వేడి కోసం వాడటం. నూనె తీసిన తొక్కని గ్యాస్‌గా మార్చి బాయిలర్, బోర్మా వేడి చేస్తే తొక్క తక్కువ పడుతుంది, పొగ తగ్గుతుంది. మామూలు గాలి చాలు. ఆక్సిజన్ ప్లాంటు అక్కర్లేదు, ఉత్ప్రేరకం అక్కర్లేదు. దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్న టెక్నాలజీ ఇది. పొగ తగ్గితే ముందు ఊపిరి పీల్చుకునేది కాశీబుగ్గ కార్మికులే.

రెండో మెట్టు సరుకుని కుదించడం. మట్టలు, డొక్క, కొమ్మలు పొడి చేసి గుళికలుగా నొక్కితే లారీలో ఎక్కువ పడతాయి, నెలల తరబడి నిల్వ ఉంటాయి. ఈ పని చిన్న యూనిట్లు, మహిళా సంఘాలు చేయగలవు.

మూడో మెట్టు పెద్ద కేంద్రానికి అనుసంధానం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. హరిత మిథనాల్ కూడా ఆ ప్రణాళికలో ఉంది. బయోమాస్ గ్యాస్‌కి బయటి నుంచి హైడ్రోజన్ కలిపితే కార్బన్ వృథా కాదు, అదే తొక్కకి దాదాపు రెట్టింపు మిథనాల్ వస్తుంది. అంత హైడ్రోజన్ దొరికేది అలాంటి చోటే. జాతీయ రహదారి, రైల్వే లైను రెండూ పలాస మీదుగానే పోతున్నాయి. టెక్కలి వైపు సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేపు ఆ రేవులో ఓడలకి హరిత ఇంధనం కావాల్సి రావచ్చు. అప్పుడు కూడా ఉద్దానం అమ్మాల్సింది గుళికలు. తారు, విషం మోయాల్సిన అవసరం లేదు.

ఈలోగా ఎవరైనా ‘మీ చెత్తని బంగారం చేస్తాం’ అంటూ వస్తే ప్రజాభిప్రాయ సేకరణలో అడగాల్సిన ప్రశ్నలు ఐదు. రోజుకి ఎన్ని టన్నుల సరుకు కావాలి, అది ఎవరి దగ్గర్నుంచి వస్తుంది? తొక్క ధర ఎంతకి, ఎన్నేళ్లకి రాసిస్తారు? నీళ్లు ఎక్కడివి, వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మిథనాల్ ఎవరు కొంటారు, ఒప్పందం చూపిస్తారా? తుఫాను వస్తే ట్యాంకుల భద్రత ఎవరి బాధ్యత?

ఈ ఐదింటికీ కాగితం మీద జవాబు ఇవ్వగలిగిన ప్లాంటుని ఉద్దానం ఆలోచించొచ్చు. ఇవ్వలేకపోతే, తొక్క ఇప్పుడున్న చోటే ఉంటే నయం. అక్కడ కనీసం అది ఒక బాయిలర్‌ని వేడి చేస్తోంది.